అక్షయమైన కీర్తి, మర్త్యమైన దేహం: ప్రాచీన గ్రీకు చిత్రకళలో పురాణ వీరులు

సంస్కృతంలో 'శ్రవస్' అనే అతిప్రాచీన శబ్దమొకటి ఉన్నది. వినుట అనే అర్థంగల 'శ్రు' ధాతువు నుండి జనించిన ఈ పదానికి లోకంలో వినబడేది, అనగా కీర్తి అని భావం. గ్రీకు భాషలో దీనికి సహోదర శబ్దం 'క్లెఓస్'. ఋగ్వేదంలో శ్రవస్సుకు 'అక్షిత' అనే విశేషణం కనిపిస్తుంది. హోమర్ మహాకవి ఇలియడ్‌లో క్లెఓస్‌కు 'అఫ్థితోన్' అనే విశేషణం ఉన్నది. రెండింటికీ క్షయం లేనిది అనే అర్థం; రెండింటి మూలధాతువు కూడ ఒక్కటే. ఈ సామ్యాన్ని 1853లో అడాల్బర్ట్ కూన్ అనే జర్మన్ భాషాశాస్త్రవేత్త గుర్తించి ప్రకటించాడు. సింధుతీరంలోను, ఏజియన్ సముద్రతీరంలోను స్థిరపడకముందే ఆ రెండు జాతుల పూర్వీకుల నోట అక్షయకీర్తి అనే భావన ఉండియుండునని నాటి నుండి పండితులు భావిస్తూ వచ్చారు.

అయితే ఇలియడ్‌లో ఈ మాటను పలికినవాడు ఆనందంతో పలుకలేదు. గ్రీకు సేనలో అగ్రగణ్యుడైన అకిలీస్, అవమానితుడై యుద్ధం మానివేసి శిబిరంలో కూర్చున్నప్పుడు, తన తల్లియైన థెటిస్ దేవత తనకు రెండు మార్గాలు చెప్పియున్నదని వెల్లడిస్తాడు. ట్రాయ్ నగరం వద్ద నిలిచి పోరాడితే అల్పాయువు, అక్షయకీర్తి. స్వదేశానికి మరలిపోతే దీర్ఘాయువు, కీర్తిశూన్యత. మూడవ మార్గం లేదు.

కవికి ఈ విషయం చెప్పడం సుసాధ్యం. అతని ఉపకరణం శబ్దం. కీర్తి కూడ శబ్దమే. కాని చిత్రకారునికి గోచరించేది దేహం మాత్రమే. గాయపడే దేహం, అలసిపోయే దేహం, మరణించే దేహం. నశించే శరీరాన్ని చూపి నశించని కీర్తిని స్ఫురింపజేయడం ఎట్లా? క్రీస్తుపూర్వం ఆరు, ఐదు శతాబ్దాలలో ఏథెన్స్ నగరపు కుమ్మరులు, చిత్రకారులు ఈ సమస్యకు చూపిన పరిష్కారం విస్మయకరమైనది. సంహారదృశ్యాలను వారు వేలకొలది చిత్రించారు. అయినప్పటికీ వారి శ్రేష్ఠకృతులలో అనేకం వీరుడు పోరాడని క్షణానికి చెందినవి. ఆట, శుశ్రూష, నిరీక్షణ, మోసుకొనిపోవడం, ఏకాంతం: వీరత్వపు మూల్యాన్ని వారు ఈ విరామాలలో దర్శించారు.

మట్టి, అగ్ని, పేరు

ఏథెన్స్‌లో కుమ్మరులు నివసించిన వాడకు కెరమైకోస్ అని పేరు. అక్కడి మట్టిలో ఇనుము అధికం. పాత్రను చక్రంపై మలచి, ఆరబెట్టి, అదే జాతి మట్టిని మిక్కిలి సూక్ష్మంగా వడగట్టి చేసిన పలుచని పూతతో ఆకృతులను చిత్రించేవారు. తరువాత ఆవములో మూడు దశలుగా కాల్చేవారు. మొదట గాలి ప్రవేశించేటట్లు కాల్చగా పాత్ర అంతయు ఎర్రబడేది. పిమ్మట గాలిని మూసివేసి పచ్చికట్టెలు వేయగా అంతయు నల్లబడి, పూత వేసిన భాగం గాజువలె బిగిసేది. చివరకు మరల గాలిని అనుమతించగా పూత లేని మట్టి తిరిగి ఎర్రనై, పూత ఉన్న ఆకృతి మాత్రం నల్లగా నిలిచేది. నల్లని ఆకృతిపై మొనదేలిన సూదితో గీచి కన్ను, కండరం, వస్త్రపు కుట్టు చూపేవారు. స్త్రీల దేహానికి తెల్లని రంగు అద్దేవారు. సుమారు క్రీ.పూ. 525 ప్రాంతంలో ఈ పద్ధతి తారుమారైనది. నేపథ్యం నలుపై, ఆకృతి ఎర్రగా మిగిలే విధానం వచ్చినది. గీతకు బదులు కుంచె రావడంతో శరీరపు మలుపులు మరింత సహజంగా చూపుటకు వీలు కలిగినది.

ఈ పాత్రలలో అధికభాగం పానగోష్ఠులకు ఉద్దేశించినవి. ద్రాక్షరసాన్ని నీటితో కలిపే పెద్ద పాత్రలు, నిలువచేసే కూజాలు, త్రాగే పాత్రలు. వాటిలో అనేకం సముద్రం దాటి ఇటలీలోని ఎట్రుస్కన్ ప్రజలకు విక్రయమై, వారి సమాధులలో మృతులతోపాటు నిక్షిప్తమైనవి. భవనాల గోడలపై గ్రీకు చిత్రకారులు వేసిన మహాచిత్రాలు దాదాపుగా నశించినవి. కూజాలపై వేసినవి మాత్రం పరదేశీయుల సమాధుల చీకటిలో భద్రంగా నిలిచినవి.

పాచికలాడే ఇద్దరు వీరులు

క్రీ.పూ. ఆరవ శతాబ్దపు మధ్యభాగం తరువాత ఏథెన్స్‌లో ఎక్సెకియాస్ అనే శిల్పి ఉండేవాడు. కుమ్మరి, చిత్రకారుడు రెండూ అతడే. వాటికన్ మ్యూజియంలో ఉన్న సుమారు 61 సెంటీమీటర్ల ఎత్తుగల అతని కూజా ఒకటి జగత్ప్రసిద్ధం. తనను ఎక్సెకియాస్ చేసినాడని, చిత్రించినాడని ఆ పాత్రయే స్వయంగా చెప్పుకొన్నట్లు దానిపై వ్రాయబడియున్నది.

దానిపై అకిలీస్, అతని పినతండ్రి కుమారుడైన అయాక్స్ ఎదురెదురుగా కూర్చుండి, నడుమనున్న దిమ్మపై పాచికలాడుతున్నారు. ఇద్దరూ కవచధారులే. ఆటలో నిమగ్నులైనా చేతులలోని బల్లెములను విడువలేదు. అకిలీస్ తలపై శిరస్త్రాణం ఉన్నది. అయాక్స్ శిరస్త్రాణం వెనుకనున్న డాలుపై అమరియున్నది. వారి ఉత్తరీయాలపై సూదిమొనతో గీచిన అలంకరణ ఎంత సూక్ష్మమైనదో, వంగిన వారి శిరస్సుల ఏకాగ్రత అంత గాఢమైనది. ఒక్కొక్కరి నోటి నుండి ఒక్కొక్క మాట వెలువడుతున్నట్లు అక్షరాలు ఉన్నవి. అకిలీస్ 'నాలుగు' అంటున్నాడు. అయాక్స్ 'మూడు' అంటున్నాడు.

ఈ ఘట్టం హోమర్ కావ్యాలలో లేదు. అయినను గ్రీకు పాత్రలపై ఇది నూటికి మించి పర్యాయములు చిత్రింపబడినది. ఎందులకు? ఆ కూజాను చూచిన ప్రతి గ్రీకు గృహస్థునికి తరువాతి కథ విదితమే. నాలుగు పలికినవాడు ట్రాయ్ రాకుమారుడు పారిస్ విడిచిన బాణానికి నేలకూలుతాడు. మూడు పలికినవాడు అతని శవాన్ని మోసుకొనివస్తాడు, ఆపై తన ఖడ్గంపై తానే పడి మరణిస్తాడు. మహాభారత సభాపర్వంలోని ద్యూతం యుద్ధానికి బీజమైనది. అక్కడ ఫణం సర్వం. ఈ గ్రీకు చిత్రంలో ఫణమేదీ కనిపించదు. యుద్ధం నడుమ దొరికిన కొంత కాలాన్ని ఇద్దరు మిత్రులు గడుపుతున్నారు, అంతే. తమ పందెం వేరొకచోట ఎప్పుడో ఒడ్డబడినదన్న సంగతి చూచేవారికే తెలిసియుండటం ఈ చిత్రానికి ప్రాణం.

మోసినవాని పతనం

ఇటలీలోని క్యూసీ సమీపంలో 1844, 1845 సంవత్సరాలలో అలెస్సాండ్రో ఫ్రాన్స్వా అనే అన్వేషకుడు ఒక మహాపాత్ర శకలాలను కనుగొన్నాడు. సుమారు క్రీ.పూ. 570 నాటి ఆ పాత్రను ఎర్గోటిమోస్ మలచగా క్లెయిటియాస్ చిత్రించాడు. సుమారు 270 ఆకృతులు గల ఆ పాత్రపై అకిలీస్ తల్లిదండ్రుల వివాహవైభవం సవిస్తరంగా ఉన్నది. దేవతలు విచ్చేస్తున్నారు. కాని పాత్ర పిడులను పరికించినచో, అయాక్స్ వంగి అకిలీస్ మృతదేహాన్ని భుజంపై మోస్తూ కనిపిస్తాడు. వివాహం మధ్యలో, ఆ దంపతుల బిడ్డ శవం అంచున. పాత్రను ఎత్తదలచిన చేయి ఆ పిడిని తాకక తప్పదు. ఫ్లోరెన్స్ నగరపు పురావస్తు మ్యూజియంలో ఉన్న ఈ పాత్రను 1900లో ఒక కావలివాడు కోపావేశంలో పగులగొట్టగా అది 638 ముక్కలైనది. ఓర్పుతో మరల అతికింపబడినది.

అకిలీస్ అనంతరం అతని దివ్యాయుధాలు ఎవరికి చెందవలెనన్న వివాదం పుట్టినది. బలశాలియైన అయాక్స్‌ను కాదని, వాక్చతురుడైన ఒడిస్సియస్‌కు అవి లభించినవి. ఆ అవమానంతో అయాక్స్ మతిభ్రమించి, సేనానాయకులనే భ్రాంతితో పశువులమందను వధించాడు. తెలివి వచ్చిన తరువాత ఆ సిగ్గును భరింపలేక ప్రాణత్యాగానికి సిద్ధపడ్డాడు.

ఎక్సెకియాస్‌కు పూర్వులు, ఖడ్గంపై గ్రుచ్చుకొని పడియున్న దేహాన్ని చిత్రించేవారు. ఫ్రాన్స్‌లోని బులోన్ పట్టణపు మ్యూజియంలో ఉన్న కూజాపై ఎక్సెకియాస్ అట్లు చేయలేదు. అయాక్స్ నగ్నంగా, మోకాళ్లు వంచి కూర్చుండి, ఖడ్గపు పిడిని నేలలో నాటి, దాని చుట్టూ మట్టిని చేతితో ఒత్తుతున్నాడు. నుదుట ముడతలు గీయబడియున్నవి. ఒకవైపు ఒంటరి తాటిజాతి వృక్షం. మరియొకవైపు అతని డాలు, శిరస్త్రాణం, బల్లెములు. ధరించే దేహం లేకపోయినా అవి ఎవరినో ఎదురుచూచుచున్నట్లు నిలిచియున్నవి. వీరుని చేతులు తోటమాలి మొక్కను నాటినంత శ్రద్ధతో పనిచేస్తున్నవి. ఆక్రోశం లేదు, రక్తం లేదు. ఆ ఖడ్గం శత్రువైన హెక్టర్ పూర్వమొకనాడు ద్వంద్వయుద్ధానంతరం గౌరవంతో ఇచ్చిన కానుక అని సంప్రదాయం.

తరువాతి తరం ఇదే కథను మరియొక దృష్టితో చూచినది. క్రీ.పూ. 490 ప్రాంతపు పానపాత్రలపై ఆయుధాల వివాదం గులకరాళ్లతో జరిగే ఓటింగుగా కనిపిస్తుంది. వీరులు వరుసగా వచ్చి రాళ్లు వేస్తుండగా నడుమ అథీనా దేవత నిలిచియుంటుంది. ఏథెన్స్‌లో క్లెయిస్థెనీస్ సంస్కరణలతో ప్రజాపాలన ఆరంభమై అప్పటికి ఇరువది సంవత్సరాలు కాలేదు. ఆ సంస్కరణలలో పౌరులను పది గణాలుగా విభజించి ఒక్కొక్క గణానికి ఒక్కొక్క వీరుని పేరు పెట్టినప్పుడు, ఒక గణానికి అయాక్స్ పేరే పెట్టారు. అతనికి పూజలు జరిగేవి. సంఖ్యాబలంతో తీర్పు చెప్పే నూతన వ్యవస్థలో, ఆ తీర్పు వల్లనే నశించిన వీరుడు పూజ్యుడై ఉండటం గమనార్హం. కాలిఫోర్నియాలోని గెట్టీ మ్యూజియంలో ఉన్న పానపాత్రపై బ్రిగోస్ చిత్రకారుడు ఈ కథకు ముగింపు చిత్రించాడు. పాత్ర వెలుపల ఓటింగు కోలాహలం. లోపల, ద్రాక్షరసం త్రాగి ముగించినవానికి మాత్రమే కనిపించే అడుగుభాగంలో, అయాక్స్ భార్యాస్థానీయురాలైన టెక్మెస్సా అతని దేహంపై వస్త్రం కప్పుతున్నది.

శత్రువు ముఖం

హెక్టర్ మరణానంతరం ట్రాయ్‌కు సహాయంగా అమెజాన్ వీరవనితల రాణి పెంథెసిలియా వచ్చినది. అకిలీస్ ఆమెను సంహరించాడు. ప్రాణం పోవుచున్న ఆమెను చూచి అతడు అనురక్తుడైనాడని కథ. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఎక్సెకియాస్ కూజాపై ఈ ఘట్టం ఉన్నది. అకిలీస్ పైనుండి వంగి బల్లెమును ఆమె కంఠంలో దించుతున్నాడు. అతని ముఖాన్ని నల్లని శిరస్త్రాణం మూసివేసినది. కన్ను మాత్రమే కనిపిస్తుంది. ఆమె శిరస్త్రాణం పైకి తొలగి, తెల్లని ముఖం అనావృతమై ఉన్నది. ఒకరి కన్ను మరొకరి కన్నును చూస్తున్నది. ముఖం ఉన్నది చంపబడుచున్నవారికి. చంపుచున్నవాడు ముఖం లేని లోహం. చూపులు కలిసిన క్షణం, ఆయుధం దిగిన క్షణం ఒక్కటే అయినందున జ్ఞానం కలిగినా ప్రయోజనం లేకపోయినది.

శత్రువును మానవునిగా గుర్తించే మరొక ఘట్టం ఇలియడ్ చివరి సర్గలో ఉన్నది. హెక్టర్ తండ్రి, వృద్ధుడైన ప్రియాం రాజు, కుమారుని శవాన్ని అడుగుటకు రాత్రివేళ అకిలీస్ గుడారానికి వస్తాడు. ఇద్దరూ కలిసి విలపిస్తారు. ఒకడు కుమారుని కొరకు, మరొకడు దూరదేశంలోనున్న తన తండ్రి కొరకు, మృతుడైన మిత్రుని కొరకు. శవాన్ని చూచి వృద్ధుడు ఆగ్రహిస్తే తనలోని క్రోధం మరల రగులునని భయపడి, శవాన్ని అతని కంటబడకుండ స్నానం చేయింపుమని అకిలీస్ కావ్యంలో ఆజ్ఞాపిస్తాడు.

వియన్నా మ్యూజియంలోని లోతైన పానపాత్రపై సుమారు క్రీ.పూ. 490లో బ్రిగోస్ చిత్రకారుడు ఇందుకు భిన్నంగా చిత్రించాడు. అకిలీస్ మంచంపై ఒరిగి మాంసం భుజిస్తున్నాడు. మంచం క్రింద హెక్టర్ శవం గాయాలతో పడియున్నది. బల్లపై నుండి వ్రేలాడే మాంసఖండాలు దాదాపు ఆ శవం పైకి వచ్చుచున్నవి. నెరసిన జుట్టుతో ప్రియాం సమీపిస్తున్నాడు, వెనుక కానుకలు మోసే పరిచారకులు ఉన్నారు. అకిలీస్ తల మరొకవైపు తిరిగియున్నది. ఇంకను అతడు వృద్ధుని చూడలేదు. కవి కరుణ కలిగిన తరువాతి దశను గానం చేశాడు. చిత్రకారుడు దానికి లిప్తకాలం ముందున్న కాఠిన్యాన్ని నిలిపాడు. ఈ తల తిరుగవలసి ఉన్నది. ఆ కరుణ ఎంత దూరం ప్రయాణించి రావలెనో ఆ పాత్ర చూపుతుంది.

గాయం, నిద్ర, మృత్యువు

బెర్లిన్‌లో ఉన్న ఒక పానపాత్రపై, సుమారు క్రీ.పూ. 500 నాటిది, కుమ్మరి సోసియాస్ పేరు ఉన్నది. దాని లోపలి వృత్తంలో అకిలీస్ తన ప్రాణమిత్రుడు పాట్రోక్లస్ చేతిగాయానికి కట్టు కట్టుతున్నాడు. తీసివేసిన బాణం ప్రక్కన ఉన్నది. గడ్డం గల పాట్రోక్లస్ వయసులో పెద్ద. బాధతో ముఖం త్రిప్పుకొని పండ్లు బిగించాడు. యువకుడైన అకిలీస్ దృష్టి అంతయు కట్టుపైనే ఉన్నది. కైరాన్ అనే గురువు వద్ద అతడు వైద్యవిద్య నేర్చినాడని ఇలియడ్ చెబుతుంది. సంహారంలో అద్వితీయమైన చేతులే శుశ్రూషలో ఎంత మృదువుగా మెలగునో ఇక్కడ కనిపిస్తుంది. పిమ్మట ఈ మిత్రుడే అకిలీస్ కవచం ధరించి వెళ్లి మరణిస్తాడు. ఆ గాయానికి కట్టు కట్టే అవకాశం అకిలీస్‌కు కలుగదు.

సార్పెడాన్ లైసియా దేశపు రాజు, దేవరాజు జ్యూస్ కుమారుడు. పాట్రోక్లస్ చేతిలో అతని మరణం ఆసన్నమైనప్పుడు జ్యూస్ కుమారుని రక్షింపదలచాడు. ఒక దేవుడు తన బిడ్డను విధి నుండి తప్పిస్తే మిగిలిన దేవతలందరూ అదే కోరుదురని హేరా దేవి వారించినది. దేవరాజు రక్తవర్షం కురిపించి, నిద్ర, మృత్యువు అనే కవల సోదరులచే శవాన్ని స్వదేశానికి చేర్చాడు. సుమారు క్రీ.పూ. 515లో యుఫ్రోనియోస్ చిత్రించిన మిశ్రణపాత్రపై రెక్కలు గల ఆ సోదరులు మహాకాయుని మెల్లగా ఎత్తుతున్నారు. గాయాల నుండి రక్తం ధారలుగా కారుతున్నది. నడుమ హెర్మెస్ దేవుడు పర్యవేక్షిస్తున్నాడు. అదే పాత్ర రెండవవైపున సామాన్య యువకులు యుద్ధానికి కవచాలు ధరిస్తున్నారు. ఒకవైపు ఆరంభం, మరొకవైపు అంతం. గోష్ఠిలో పాత్ర చుట్టూ కూర్చున్న పౌరులు కూడ యుద్ధం వస్తే డాలు పట్టవలసినవారే.

ఈ పాత్ర చరిత్ర కూడ విచారింపదగినది. 1971లో ఇటలీలోని చెర్వెటేరి ప్రాంతపు సమాధిని దొంగలు త్రవ్వి దీనిని తీశారు. 1972లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం పది లక్షల డాలర్లకు కొన్నది. దీర్ఘవివాదం తరువాత 2008లో ఇది ఇటలీకి తిరిగివచ్చినది. నేడు చెర్వెటేరిలోనే ఉన్నది. స్వదేశానికి మోసుకొనిపోబడే వీరుని చిత్రం గల పాత్రకు, తాను వెలికివచ్చిన భూమిని చేరుటకు ముప్పది ఆరు సంవత్సరాలు పట్టినది.

భారతభూమిపై వారి ఛాయలు

ఈ వీరులు గ్రీకు దేశానికే పరిమితులై ఉండలేదు. అలెగ్జాండర్ దండయాత్రల అనంతరం వాయవ్య భారతంలో విలసిల్లిన గాంధార శిల్పంలో వారి రూపాలు నూతన ధర్మాలను స్వీకరించినవి. బుద్ధభగవానుని రక్షకుడైన వజ్రపాణిని అక్కడి శిల్పులు కొన్ని ఫలకాలలో సింహచర్మధారియైన హెరాక్లీస్ రూపంలో మలచారు. గద స్థానంలో వజ్రం వచ్చినది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మరియొక గాంధార ఫలకంపై ట్రాయ్ నగరద్వారం, చక్రాలపై దారుఅశ్వం, చేతులెత్తి వారించే స్త్రీ కనిపిస్తారు. సంహారకుడు రక్షకుడగుట, పరదేశపు వీరుడు బౌద్ధభిక్షువుల చైత్యంలో స్థానం పొందుట, కీర్తి పొందిన ఒక విచిత్ర పరిణామం. పేరు పోయినది; రూపం మిగిలినది.

కీర్తి ఎవరికి

ఒడిస్సీ కావ్యంలో ఒడిస్సియస్ ప్రేతలోకాన్ని దర్శించినప్పుడు అకిలీస్ ఛాయ అతనికి ఎదురవుతుంది. మృతులందరికీ రాజుగా ఉండుటకంటె, భూమిపై ఒక పేదవాని వద్ద కూలివానిగా బ్రతుకుట మేలని ఆ అక్షయకీర్తిశాలి పలుకుతాడు. అయాక్స్ ఛాయ మాత్రం ఒడిస్సియస్ బ్రతిమాలినా ఒక్క మాట పలుకక చీకటిలోనికి మరలిపోతుంది. కీర్తిని వరించినవానికి అది దేహానికి ప్రత్యామ్నాయం కాలేదు. దానిని కోల్పోయితినని తలచి ప్రాణం విడిచినవానికి మరణానంతరం కూడ శాంతి దొరకలేదు. ఆ విధంగా కీర్తిని మహోన్నతంగా గానం చేసిన సంప్రదాయమే దాని పరిమితిని కూడ నిర్మోహంగా చెప్పినది.

ఏథెన్స్ చిత్రకారులు ఆ పరిమితిని తెలిసినవారు. కనుకనే వారు విజయాన్ని కాక, కట్టు కట్టే చేతులను, శవాన్ని మోసే భుజాన్ని, వస్త్రం కప్పే స్త్రీని, మట్టిని ఒత్తే వ్రేళ్లను అంతటి శ్రద్ధతో నిలిపారు. క్షయం లేనిదని చెప్పబడిన కీర్తి, క్షయించే దేహాలను ప్రేమతో చూచినవారి వల్లనే నిలిచినది. శ్రవస్సు అనగా వినబడేది. వాటికన్‌లోని ఆ కూజాపై రెండువేల ఐదువందల సంవత్సరాలుగా ఒకడు 'నాలుగు' అంటున్నాడు, మరొకడు 'మూడు' అంటున్నాడు. వారి వెనుక డాళ్లు ఆనించియున్నవి. పిలుపు ఇంకను రాలేదు.